కష్టం ఒక్కటే.. జవాబులు రెండు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: పక్షవాతంతో మంచం పట్టిన మామకు కోడలు, మతిమరుపు ముదిరిన భార్యకు భర్త సేవలు చేసే ఇళ్లలో బాధ ఇద్దరిదీ. ఒక్కరినే ప్రశ్నించే సర్వేలో సగం కథే తెలుస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఒకే ఇంటివారి జవాబులు పరస్పరం ముడిపడి ఉంటాయి. వంద ఇళ్ల నుంచి వచ్చిన 200 జవాబులను 200 వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కిస్తే ఫలితం పక్కదారి పడుతుంది. అందుకే గణాంక శాస్త్రం ఆ ఇద్దరినీ ఒక జంటగా పరిగణిస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కెన్నీ తదితరులు అభివృద్ధి చేసిన నమూనా ప్రకారం, రోగి కుంగుబాటుకు అతని ఆరోగ్యంతో గల సంబంధాన్ని, సేవ చేసేవారి నిద్రతో గల సంబంధాన్ని విడివిడిగా, ఏకకాలంలో అంచనా వేస్తారు. సంరక్షకుల భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలు, గరిష్ఠంగా 88 మార్కులు ఉంటాయి. మార్కులు పెరిగే కొద్దీ భారం ఎక్కువని అర్థం.

భారం మహిళలపైనే

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, కుటుంబ సభ్యుల సంరక్షణలో పాల్గొన్న 15-59 ఏళ్ల మహిళలు రోజుకు సగటున 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు వెచ్చించారు. పిల్లల పెంపకమూ ఇందులో భాగమే.

ఇక్కడ ఎలా?

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో అధ్యయనం చేపడితే ఆస్పత్రికి వచ్చినవారిని అడిగితే చాలదు. మహదేవపూర్, కొత్తగూడ వంటి అటవీ మండలాల్లో గడప దాటలేనివారు లెక్కకే రారు. ఇద్దరినీ వేర్వేరుగా ప్రశ్నించాలి. కొన్ని నెలలకు మళ్లీ వెళ్లాలి. ఈలోగా రోగి మరణించినా సంరక్షకుల జవాబును తొలగించరాదు. తొలగిస్తే అధిక భారం మోసిన ఇళ్లే జాబితాలోంచి జారిపోయి, కష్టం తేలికైనట్లు కనిపిస్తుంది.