సూర్యునిలో కనుగొనిన వాయువు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని పరిశీలించుటకు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చెను. ఆనాడు సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని విడదీసి చూడగా, అందొక పసుపుపచ్చని గీత కనబడెను. భూమిపై తెలిసిన ఏ మూలకమునకును ఆ గీత చెందదని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లాకియర్ గ్రహించెను. సూర్యుని గ్రీకు నామమును బట్టి ఆ క్రొత్త మూలకమునకు హీలియము అను పేరు వచ్చెను. 1895లో రామ్సే దానిని యురేనియము గల ఒక ఖనిజమునుండి వెలికి తీసెను.

ఆ వాయువు నేడు రోగులకు ఉపకరించుచున్నది. మెదడునకో వెన్నెముకకో జబ్బు చేసినప్పుడు ఎమ్.ఆర్.ఐ. పరీక్ష చేయించుకొమ్మని వైద్యులు చెప్పుట మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి క్రొత్త కాదు. ఆ యంత్రములో బలమైన అయస్కాంతము గలదు. అందలి తీగచుట్టలను మిక్కిలి చల్లబరచినచో విద్యుత్తు ఏమాత్రము నష్టము లేక ప్రవహించును. అంతటి చల్లదనము నిచ్చునది ద్రవ హీలియము. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువ 269 డిగ్రీలు. పలు యంత్రములలో ఈ ద్రవము వేయి లీటర్లకు మించి యుండును.

అయితే హీలియము సులభముగా లభించునది కాదు. భూగర్భమున యురేనియము, థోరియము క్షయించుటచే కోట్ల సంవత్సరములలో అది ఏర్పడును. సహజవాయువుతోపాటు అమెరికా, కతార్ వంటి కొలది దేశములలోనే విస్తారముగా దొరకును. మనము దానిని దిగుమతి చేసికొనుచున్నాము. గాలిలో కలసినచో అది పలుచబడి, తుదకు భూమిని విడిచి అంతరిక్షమునకు పోవును.

కావున దానిని పోనీయక కాపాడవలెను. యంత్రముపై నమర్చిన శీతలీకరణి ఆవిరియైన హీలియమును మరల ద్రవముగా మార్చును. అది ఆగినచో ద్రవము క్రమముగా మరిగిపోవును. ఒక్క లీటరు ద్రవమునుండి ఏడువందల లీటర్లకు పైగా వాయువు వచ్చును. పరిశోధనాలయములలో ఆ వాయువును పెద్ద సంచులలో పట్టి, సిలిండర్లలో ఒత్తి నింపి, మలినములను తొలగించి, తిరిగి ద్రవముగా చేయుదురు. ఏడు లీటర్ల హీలియమును మూసియుంచి, దానితోనే పనిచేయు యంత్రములును నేడు వచ్చినవి.

పోయిన నీరు వర్షమై తిరిగి వచ్చును. పోయిన హీలియము మనకు తిరిగి రాదు. నేడు పొదుపు చేసిన ప్రతి లీటరును రేపటి రోగికి అక్కరకు వచ్చును.