దుబాసీ నాలుక ఎందుకు తడబడుతుంది?

నోయిడాలో ఉంటూ హిందీ నుంచి తెలుగులోకి ఏకకాల అనువాదం నేర్చుకుంటున్న ఒక విద్యార్థినిని ఊహించుకోండి. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదుట మైకు. వక్త "కల్ మంత్రీజీ కిసానోం సే..." అన్నాడు. ఆమె వెంటనే "నిన్న మంత్రిగారు రైతులను..." అంటూ అందుకుంది. వక్త "మిలేంగే" అని ముగించాడు. అంటే కలుసుకోబోతున్నారు! హిందీలో 'కల్' అంటే నిన్న, రేపు రెండూను. ఏదన్నది తేల్చే క్రియ వాక్యం చివర గానీ రాదు. ఆమెకు హిందీ రాదా? వచ్చు. మరి పొరపాటు ఎందుకు జరిగింది?

ఒకే అవధానం, మూడు పనులు

అష్టావధాని కూడా చాలావరకు ఒక పృచ్ఛకుడికి జవాబు చెప్పి మరొకరి వైపు తిరుగుతాడు. ఏకకాల అనువాదం చేసే దుబాసీకి ఆ వెసులుబాటు లేదు. వక్త కన్నా రెండు నుంచి నాలుగు సెకన్లు వెనుకగా మాట్లాడుతూనే, రాబోయే మాట వినాలి. వినడం, గుర్తుంచుకోవడం, పలకడం అనే మూడు పనులూ, వాటి సమన్వయమూ ఒకే అవధానాన్ని పంచుకుంటాయని ఫ్రెంచ్ పరిశోధకుడు డేనియల్ జిల్ వివరించారు. ఒక పని ఎక్కువ వాడుకుంటే మరొక దానికి కొరత తప్పదు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి సుమారు నాలుగు అంశాలేనని అమెరికా శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో అంచనా వేశారు. 'కల్' అర్థం తేలేదాకా ఆగితే జ్ఞాపకం బరువెక్కుతుంది. ఆగకపోతే ఊహ బెడిసికొడుతుంది.

కష్టం ఒకచోట, తప్పు మరోచోట

'ఉన్‌సఠ్' గ్రామాలకు రోడ్డుంది, నీళ్లు లేవని వక్త అన్నాడనుకోండి. తెలుగులో 'యాభై' ముందు వస్తుంది, 'తొమ్మిది' తరువాత. హిందీలో ఈ సంఖ్య 'అరవైకి ఒకటి తక్కువ' అన్న అర్థంలో ఏర్పడింది. చెవిలో 'సఠ్' మోగగానే మనసు అరవై వైపు పోతుంది. పైగా అంకెను సందర్భాన్ని బట్టి ఊహించలేం. ఆమె తేరుకొని 59 అని సరిగానే చెప్పింది. కానీ ఆలోగా 'నీళ్లు లేవు' అన్న తేలిక మాట జారిపోయింది! అందుకే తప్పు దొర్లిన చోటనే కారణం వెతికితే దొరకదు. అంతకు ముందరి మాటల్లో వెతకాలి.

పొరపాటు ఖరీదు

1945 నవంబరు 20న ప్రారంభమైన న్యూరెంబర్గ్ విచారణ నాలుగు భాషల్లో సాగింది. వక్త వేగం తగ్గించాలంటే పసుపు దీపం, ఆగాలంటే ఎర్రదీపం వెలిగించేవారు. మన లోక్‌సభలో హిందీ, ఇంగ్లీషుల మధ్య ఏకకాల అనువాదం 1964 సెప్టెంబరు 7న మొదలైంది. ఇప్పుడు తెలుగుకూ ఆ సదుపాయం ఉంది. సభ్యుడు నీళ్లు లేవన్నా, దుబాసీ ఆ మాట వదిలేస్తే ఆ భాషలో వినేవారికి ఆ ఊరి దాహం తెలియదు.

అనుభవజ్ఞుల మెదడు పెద్దదేమీ కాదు. వాళ్లు విషయాన్ని, పదజాలాన్ని ముందే చదివి వస్తారు. సుమారు అరగంటకొకసారి జోడీకి మైకు అప్పగిస్తారు. జోడీ అంకెలను కాగితంపై రాసి చూపిస్తారు. అలా అవధానం ఆదా అవుతుంది.

మీరూ పరీక్షించండి. రేడియోలో తెలుగు వార్తలు వింటూ, అదే మాటను తెలుగులోనే వెనువెంట పలకండి. అంకె వచ్చినప్పుడు దాన్ని కాదు, దాని తరువాతి మాటను గమనించండి. అది మీ నోటికి వచ్చిందా?