'రైలుబడి'లో ఉపాధ్యాయుని ప్రేమపూర్వక పరిశీలన

బడిలో పేరు నమోదైనంత మాత్రాన అది తనదనే భావన బాలలకు కలగదు. ఆ భావన కలగడంలో ఉపాధ్యాయుని పరిశీలనకున్న పాత్రను గ్రహించడానికి టోక్యోలోని తొమోయె పాఠశాల చక్కని ఉదాహరణ. 1937లో సొసాకు కొబయాషి స్థాపించిన ఈ బడిని అక్కడి పూర్వవిద్యార్థిని తెత్సుకో కురొయనాగి 'తొత్తోచాన్' (1981) అనే స్మృతిగ్రంథంలో చిత్రించారు. తెలుగు పాఠకులకు అది 'రైలుబడి'గా సుపరిచితం.

తొత్తోచాన్‌ను ఒకటో తరగతిలోనే ఒక బడి నుంచి పంపివేశారు. బల్ల మూతను పదేపదే తెరిచి మూయడం, కిటికీ వద్ద నిలబడి వీధి వాద్యకారులను పిలవడం ఆమె చేసిన తప్పులు. ఆ బడి కూడా ఆమెను నిశితంగానే గమనించింది; కానీ ఆ గమనింపు తల్లికి చేసిన ఫిర్యాదుతో ముగిసింది. కొబయాషి మాత్రం తొలిరోజున ఆమె కబుర్లన్నీ సుమారు నాలుగు గంటలసేపు విసుగు లేకుండా విన్నారు.

మన విద్యాహక్కు చట్టం (2009) 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనాన్నీ, బాలలకు భయాందోళనలు లేని వాతావరణాన్నీ ఒకేచోట కోరింది. మొదటిది రికార్డులు నింపే పనిగా కుదించుకుపోతే రెండవది నెరవేరదు.

కొబయాషి పరిశీలన బాలలను కాక బడి ఏర్పాట్లను మార్చింది. ఎదుగుదల ఆగిపోయి, కాళ్లూచేతులూ పొట్టిగా ఉన్న తకహాషి అనే బాలుడు ఆటల పోటీలన్నింటిలో ప్రథముడు కావడం ఇందుకు నిదర్శనం. గుడ్డతో చేసిన చేప బొమ్మలోంచి దూరి రావడం, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కడం వంటి ఆ పోటీల్లో పొడవైన కాళ్లవల్ల ప్రయోజనం లేదు. ప్రత్యేక బహుమతి, ఓదార్పు బహుమతి అంటూ ఏదీ లేదు. అతడు అందరితో కలిసి పోటీపడి గెలిచాడు. కరుణకూ గౌరవానికీ గల భేదం ఇక్కడ స్పష్టమవుతుంది.

సదుద్దేశం ఒక్కటే చాలదనడానికీ ఈ గ్రంథంలోనే ఉదాహరణ ఉంది. మానవులకు పూర్వం తోక ఉండేదని చెబుతూ ఒక ఉపాధ్యాయిని, నీకేమైనా మిగిలి ఉందా అని తకహాషిని సరదాగా అడిగింది. ఆమె దయగలదే, అయితే తన శరీరం గురించి ఆ బాలుడు ఎంత సున్నితంగా ఉంటాడో ఆ క్షణంలో ఆమెకు స్ఫురించలేదు. కొబయాషి ఆమెను తీవ్రంగా మందలించారు. అయితే ఆ మాటలు తోటి ఉపాధ్యాయుల చెవిన పడకుండా, వారి గదిలో కాక వంటగదిలో మందలించారు.