తాడు కొసన శాస్త్రవేత్త

బాంబుల లెక్కలు కట్టిన జార్జ్ బెల్‌ని కారాకోరం పర్వతాలు ఒకసారి చావు అంచుదాకా తీసుకెళ్లాయి. అయినా ఆయన మళ్లీ వెళ్లారు.

1953 ఆగస్టు 10. కారాకోరంలోని కే2 పర్వతం మీద దాదాపు 7,500 మీటర్ల ఎత్తు. తుపాను గాలి. కాలి సిరలో రక్తం గడ్డకట్టి నడవలేకపోతున్న ఆర్ట్ గిల్కీని స్లీపింగ్ బ్యాగులో చుట్టి, ఏడుగురు సహచరులు తాళ్లతో కిందికి దించుతున్నారు. గట్టిపడిన మంచు మీద ఒకరి కాలు జారింది. ఆయనతోపాటు తాడుకున్న రెండో మనిషీ జారాడు. వాళ్ల తాడు వెళ్లి ఇంకో జంట తాడుకు చిక్కుకుంది, ఐదో మనిషినీ లాగేసింది. క్షణాల్లో ఐదుగురు దొర్లిపోతున్నారు. పైన ఉన్న సహచరుడు పీట్ షోనింగ్ బండరాయి వెనక దిగేసిన ఐస్ యాక్స్‌కు తాడు మెలివేసి బిగబట్టాడు. గిల్కీతో కలిపి ఆరుగురి బరువు. తాడు తెగలేదు.

మొదట జారింది బెల్ కాలే.

గొలుసు లెక్క

1926లో ఇల్లినాయ్‌లో పుట్టిన బెల్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త హాన్స్ బేతే శిష్యుడు. 1951లో న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో చేరారు. ఆటంబాంబు పుట్టిన ఆ కొండలమీదే అప్పుడు హైడ్రోజన్ బాంబు కోసం కసరత్తు జరుగుతోంది. బెల్ చేతిలో ఉన్నవి న్యూట్రాన్ల లెక్కలు. ఒక న్యూట్రాన్ కేంద్రకాన్ని చీలిస్తే రెండు మూడు కొత్తవి పుడతాయి, అవి మరికొన్నిటిని చీలుస్తాయి. పట్టి ఆపే ఏర్పాటు ఉంటే రియాక్టర్, లేకుంటే బాంబు. కే2 వాలు మీద జరిగిందీ ఆ వరసే. అక్కడ పట్టి ఆపినవాడు షోనింగ్.

గిల్కీ మాత్రం దక్కలేదు. ఆయన్ని వాలు మీద లంగరేసి, మిగిలినవాళ్లు గుడారం వేసుకుని తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. హిమపాతమే తుడిచిపెట్టి ఉంటుంది. మంచుకు పాదాలు దెబ్బతిన్న బెల్‌ని పోర్టర్లు మోసుకొచ్చారు. రెండేళ్లకే ఆయన లోత్సే శిఖర యాత్రకు బయల్దేరారు. 1960 జూలై 6న విల్లీ అన్సోల్డ్‌తో కలిసి కారాకోరంలోనే 7,821 మీటర్ల మాషర్‌బ్రమ్ ఎక్కారు. ఆ శిఖరం మీద మనిషి అడుగుపడటం అదే మొదలు.

పట్టు ఎంతసేపు?

నడివయసులో బెల్ జీవశాస్త్రం వైపు మళ్లారు. 1974లో ఆయుధ ప్రయోగశాలలోనే సైద్ధాంతిక జీవశాస్త్ర బృందాన్ని మొదలుపెట్టారు. జన్యుక్రమాల భాండాగారం జెన్‌బ్యాంక్‌కు విత్తనం పడింది అక్కడే. 1978లో కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. బంధం మీద లాగుడు పెరిగేకొద్దీ అది నిలిచే కాలం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే సూత్రం అందులో ఉంది.

బెల్ 2000లో కన్నుమూశారు. ఇవాళ జీవభౌతిక ప్రయోగశాలల్లో ‘బెల్ మోడల్’ అంటే బాంబు నమూనా కాదు, పట్టు ఎంతసేపు నిలుస్తుందో చెప్పే ఆ సూత్రమే.