సర్కారా.. ప్రైవేటా? దివిసీమలో వెతుకుదాం!

గ్రూప్ డిస్కషన్‌కు పదిమంది కూర్చున్నారు. టాపిక్ ఇచ్చారు: ‘అందరికీ ఉచిత వైద్యం అందించే ప్రభుత్వం, పక్కనే ప్రైవేటు వైద్యాన్ని సాగనివ్వాలా?’ ఇద్దరు గొంతు పెంచి అవునంటారు. ముగ్గురు అంతకంటే గట్టిగా కాదంటారు. మిగిలినవాళ్లు ‘రెండూ ఉండాలి సార్, బ్యాలెన్స్ కావాలి’ అని తప్పుకుంటారు. ప్యానెల్‌కు విని విని విసుగొచ్చిన మాట అదే. గ్రూప్స్ మెయిన్స్‌లో వ్యాసమైనా, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూ అయినా, బీమా కంపెనీలో ఉద్యోగమైనా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. కృష్ణా జిల్లా వాళ్లయితే ఉదాహరణల కోసం లండన్ దాకా వెళ్లక్కర్లేదు. బందరు, గుడివాడ, దివిసీమ చాలు.

పాము కరిస్తే ఎక్కడికి?

2018 ఆగస్టు గుర్తుందా? దివిసీమలో వరుసగా పాముకాట్లు. పొలం పనుల రోజులు, గట్ల మీద రక్తపింజరులు. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి కేసుల మీద కేసులు. చివరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పయాగం కూడా చేయించారు. యాగం సంగతి అలా ఉంచండి. మన టాపిక్‌కు పనికొచ్చేది యాంటీ వెనమ్ లెక్క. ఏడాదిలో కొన్ని నెలలే గిరాకీ. గడువు దాటితే పారేయాలి. కాటు పడేది ఎక్కువగా కూలీలకు, కౌలు రైతులకు. వ్యాపారంగా చూస్తే ఇందులో మిగిలేదేమీ లేదు. అందుకే ఆ మందు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాల్సిన బాధ్యత సర్కారీ ఆసుపత్రి మీదే పడుతుంది. ఎదురుమొండి నుంచి పంటు మీద ఏరు దాటి రావాల్సిన మనిషికి, విజయవాడలో ఎన్ని కార్పొరేట్ ఆసుపత్రులుంటే ఏం లాభం? ‘రోగికి ఎంపిక ఉండాలి’ అన్న వాదన పుస్తకంలో బాగుంటుంది. పంటు దగ్గర ఆగిపోతుంది.

అదే మనిషికి గుండెలో స్టెంట్ వేయాల్సొస్తే కథ తిరగబడుతుంది. అప్పుడు దిక్కు చాలాసార్లు ప్రైవేటు ఆసుపత్రే, డబ్బు కట్టేది మాత్రం ప్రభుత్వం. ఈ పద్ధతి 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో, స్టార్ హెల్త్ బీమా సంస్థ ద్వారా నడిచింది. తర్వాత చెల్లింపులు ట్రస్టు చేతికి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతూ వచ్చింది: ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. (పరీక్షలో పాత పేరు రాసినా మార్కులు పోవు, ఏ ఏడాది గురించి రాస్తున్నారో చెబితే చాలు.) 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ‘యూనివర్సల్ హెల్త్ పాలసీ’కి ఆమోదం తెలిపింది. 1.63 కోట్ల కుటుంబాలకు ఏటా రూ.25 లక్షల వరకు వైద్యం. అందులో మొదటి రూ.2.5 లక్షలు బీమా కంపెనీ చూసుకుంటుంది, ఆపైన ట్రస్టు. అంటే బీమా మళ్లీ వెనక్కి వచ్చిందన్నమాట.

ఇందులో మెలిక ఏంటో అదే ఏడాది అక్టోబరులో జనానికి తెలిసొచ్చింది. తమకు రావాల్సిన బకాయిలు పేరుకుపోయాయంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. కార్డు చేతిలోనే ఉంది, మంచం మాత్రం దొరకదు! ప్రైవేటును తప్పుపట్టేముందు ఆలోచించండి: నర్సులకు జీతాలు, మందుల కంపెనీకి బిల్లులు వాళ్లూ నెలనెలా కట్టాలి కదా. ప్రభుత్వాన్ని సమర్థించేముందూ ఆలోచించండి: సొంత ఆసుపత్రులను బలపరచాల్సిన డబ్బు ఇటు మళ్లితే, రేపు బేరమాడే శక్తి ఎవరికి ఉంటుంది? నా మటుకు నాకు రెండో ప్రశ్నే పెద్దదనిపిస్తుంది.

ఒకే బెంచీ.. మూడు ఫీజులు

2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి ఐదు ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, నంద్యాలతో పాటు మచిలీపట్నం. ఒక్కోదాంట్లో 150 సీట్లు. 15 శాతం అఖిల భారత కోటాకు పోగా, మిగిలిన వాటిలో సగం కన్వీనర్ కోటా, 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్, 15 శాతం ఎన్నారై. ఏడాది ఫీజు కన్వీనర్ సీటుకు రూ.15 వేలు, సెల్ఫ్ ఫైనాన్స్‌కు రూ.12 లక్షలు, ఎన్నారైకి రూ.20 లక్షలు. కాలేజీ సర్కారుదే, లెక్చరర్ ఒక్కరే, బెంచీ ఒక్కటే! ఈ జీవోలపై విద్యార్థి సంఘాలు రోడ్డెక్కింది అందుకే. ప్రైవేటు అంటే వీధికి అవతల ఉన్న భవనమే కాదు, ప్రభుత్వ భవనం లోపలా ఉండొచ్చు. జీడీలో ఈ ఒక్క ఉదాహరణ చెప్పినా పదిమందిలో మీరు గుర్తుంటారు.

ఆ తర్వాతి పోరు పీపీపీ మీద. 2025లో ప్రభుత్వం పది కొత్త కళాశాలలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని నిర్ణయించింది. ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల మొదటి విడత. ఖజానా నుంచే కడితే ఏళ్లు పడుతుందని ప్రభుత్వం అంటోంది. ప్రజల ఆస్తిని ప్రైవేటుకు అప్పగించడమేనంటూ వైకాపా కోటి సంతకాల ఉద్యమం చేపట్టింది. ఆ జాబితాలో బందరు లేదు.

ఉదయం అక్కడ, సాయంత్రం ఇక్కడ

బయటి ప్రపంచం నుంచి రెండే ఉదాహరణలు పట్టుకెళ్లండి. బ్రిటన్‌లో 1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. ఆరోగ్యమంత్రి అనూరిన్ బెవాన్ పెద్ద డాక్టర్లను ఒప్పించడానికి ప్రైవేటు ప్రాక్టీసుకు అనుమతిచ్చారు. కెనడా దారి వేరు. అక్కడ డబ్బు తీసుకుని వరుస దాటించే వైద్యానికి చాలా ఆంక్షలు. వాటిని సవాలు చేస్తూ వాంకూవర్‌లోని కాంబీ క్లినిక్ 2009లో కోర్టుకెక్కింది. 2020లో ఓడింది, అప్పీలులోనూ ఓడింది, 2023లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. డాక్టర్లు ఎంతమందున్నారో అంతమందే, కొందరు పక్కకు పోతే మిగతావాళ్ల వరుస పెరుగుతుందన్నది ప్రభుత్వ వైపు వాదన.

ఇది మనకు కొత్తేం కాదు. పొద్దున సర్కారు ఆసుపత్రి ఓపీలో చూసిన డాక్టరుగారే సాయంత్రం సొంత క్లినిక్‌లో కనిపించడం కోస్తా పట్టణాల్లో మామూలే. తెలంగాణ 2022లో కొత్తగా చేరే ప్రభుత్వ వైద్యులకు ప్రైవేటు ప్రాక్టీసు వద్దంది. అలా కట్టడి చేస్తే స్పెషలిస్టులు అసలు చేరతారా? అవనిగడ్డలాంటి చోట్లకు మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ దొరకడమే కష్టం. ఇక్కడ తేలిక జవాబు లేదు.

ఉద్యోగం ఎటువైపు?

ఈ చర్చ మీ బయోడేటా మీద కూడా పనిచేస్తుంది. బీమా వైపు మొగ్గితే క్లెయిమ్ ప్రాసెసింగ్, మెడికల్ కోడింగ్, ఆసుపత్రుల్లో బిల్లింగ్ పనులు పెరుగుతాయి. బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకు అవకాశం. నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగికి దారి చూపే ఆరోగ్యమిత్ర కొలువూ ఈ పథకం పుట్టించిందే, కాకపోతే అది పర్మినెంట్ కాదు. ప్రభుత్వ సొంత వ్యవస్థ పెరిగితే స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్ట్ నోటిఫికేషన్లు. బీఎస్సీ నర్సింగ్ చేసి పల్లె ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న సీహెచ్‌వోలు క్రమబద్ధీకరణ కోసం 2025లో సమ్మె చేశారన్నదీ గుర్తుంచుకోండి. చేరేముందు జీతం ఎంతని అడుగుతాం, ఎవరు ఇస్తారని అడగం. ట్రస్టా, ఏజెన్సీనా, ఖజానానా అన్నది ముందే కనుక్కోవాలి. నీట్ ర్యాంకు ఎంబీబీఎస్‌కు చాలనివాళ్లు గుడివాడలోని డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో కళాశాలనూ ఆయుష్ కౌన్సెలింగ్‌లో చూసుకోవచ్చు.

ఇంటర్వ్యూలో చివర్లో ఓ ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘మీ నాన్నగారికి గుండెనొప్పి వస్తే బందరు జీజీహెచ్‌కు తీసుకెళతారా, విజయవాడ ప్రైవేటుకా?’ ఇంట్లోవాళ్లతో మాట్లాడి, ముందే నిజమైన జవాబు తేల్చుకుని వెళ్లండి.