నంబరు పోయిన రోడ్డు మీద ఓ రోజు

విజయవాడ నుంచి వైజాగ్‌కి ఫోన్లో మ్యాప్ పెట్టారనుకోండి. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి మళ్లించి, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా గోదావరి దాటించేస్తుంది. టైమ్ కలిసొస్తుంది, కాదనను. కానీ ఒక్కసారి మ్యాప్ మాట వినకుండా పాత రోడ్డే పట్టుకోండి.

ఇది మన నాన్నల కాలపు ‘ఐదో నంబరు’. మద్రాసు-కలకత్తా రోడ్డు. 2010లో నంబర్లు మార్చినప్పుడు 16 అయింది. కొత్త రోడ్డు వచ్చాక ఆ 16 కూడా అటెళ్లిపోయింది. దీనికి 216ఏ తగిలించారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే పాత వెర్షన్. కాకపోతే యూజర్లు ఇంకా ఇక్కడే ఉన్నారు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్ ఘాటు ముందే తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే, 2015లో వచ్చిన నిట్, రెండూ ఈ ఊళ్లోనే. తణుకులో టీ తాగి కదలండి, సిద్ధాంతం వంతెన మీద మాత్రం స్పీడు తగ్గించండి. కింద వశిష్ఠ. కాసేపటికి జొన్నాడ దగ్గర గౌతమి. ధవళేశ్వరం దగ్గర విడిపోయిన గోదావరిని రెండుసార్లు దాటించే రోడ్డు ఇది.

ఆ రెండింటి మధ్యే రావులపాలెం. ఇక్కడ తొందరపడొద్దు. అరటి మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లాలి. సైకిల్ కనబడకుండా గెలలు కట్టుకుని, తొక్కకుండా నడిపించుకుంటూ వస్తారు రైతులు. చక్కెరకేళి, కర్పూరం, బొంత... వేలం అయ్యాక లారీలెక్కి వేరే రాష్ట్రాలకి పోతాయి. పక్కనే ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్కసారి లాగితే క్షణాల్లో రేకు. ఆ సెగ ముందు రోజంతా కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. 2023లో ఈ పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. దారిలో లొల్ల లాకులు కూడా చూసేయండి, సినిమాల్లో చూసినవే.

అరటికి భయం లేదు, లారీ ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. రోడ్డు పక్క పూతరేకుల కొట్టు సంగతి వేరు. వైజాగ్ వెళ్తూ ‘ఇంటికో రెండు డబ్బాలు’ అని ఆగే కారే దాని బేరం. ఆ కారు ఇప్పుడు దేవరపల్లి మీదుగా పోతోంది. ఈ ఊళ్లవాళ్లకి రోడ్డు దాటడం తేలికైతే సంతోషమే. కానీ బేరం ఎవరిస్తారు? జీఐ ముద్ర కారుని ఆపలేదు కదా. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టొచ్చు అంటారా? పెట్టండి. పార్సిల్లో సగం పొడై వస్తే నన్ననకండి.

జొన్నాడ దాటాక కడియపులంక. రోడ్డు పొడవునా నర్సరీలే, తెల్లారకముందే పూల మార్కెట్. బండి డిక్కీలో ముందే చోటు ఉంచుకోండి. ఒక్క మొక్కతో బయటపడ్డవాళ్లని నేనైతే చూడలేదు.