కరెంటు పుట్టే ఊళ్లో కరెంటు పొదుపు: ఒక్క ఇల్లు కాదు, మొహల్లా అంతా కలవాలి

పాల్వంచ వాళ్లకు కరెంటు ఎలా పుడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఊరి గుర్తు అంటే కేటీపీఎస్ కూలింగ్ టవర్లే. 1960ల్లో మొదలైన పాత ప్లాంటు కాలం తీరి మూతపడింది. దాని ఎనిమిది టవర్లను 2024 ఆగస్టు 5న కూల్చేశారు. అయితే టవర్లు పోయినంత మాత్రాన బొగ్గు కాలడం ఆగలేదు. 2018 చివర్లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ సహా మిగతా యూనిట్లు నడుస్తూనే ఉన్నాయి. ఎన్నో ఇళ్లు ఆ జీతాల మీదే బతుకుతున్నాయి. ప్లాంటు సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. మరి మన మీటర్ సంగతి?

కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే ఏమిటి?

మనం వాడే కరెంటు, గ్యాస్, పెట్రోల్, పారేసే చెత్త వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువుల మొత్తం లెక్కే కార్బన్ ఫుట్‌ప్రింట్. భూమి వేడెక్కడానికి ఇవే కారణం. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనుక సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోలు, 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ అయిపోయేసరికి 40 కిలోల పైమాటే.

నలభై ఇళ్ల లెక్క

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఇంటికి మూడు ఫ్యాన్లు అనుకుంటే 60 యూనిట్లు. అదే 40 ఇళ్ల గల్లీ మొత్తం మారితే నెలకు 2,400 యూనిట్లు, అంటే దాదాపు 1.7 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు.

ఇందులో జేబుకూ లాభమే. గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వస్తుంది. అది దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలంలో కూలర్ వేసి 240కి వెళ్లే ఇల్లు, 60 యూనిట్లు తగ్గితే 180 దగ్గర ఆగుతుంది. ఫ్యాన్ ధర కొంచెం ఎక్కువే. అందుకే నలుగురూ కలిసి ఒకేసారి కొంటే షాపులో బేరం కుదురుతుంది.

డాబా మీద తెల్ల సున్నం వేసినా ఇంట్లో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. ఒక ఆదివారం పిల్లలూ పెద్దలూ కలిస్తే వరుసగా నాలుగైదు డాబాలకు సున్నం వేయొచ్చు.

మస్జిద్ నుంచి మొదలుపెడితే

అందరూ కలిసే చోటు కాబట్టి ఇక్కడ మార్పు తొందరగా కనిపిస్తుంది. వుజూ కుళాయిలకు ధార తగ్గించే బిళ్లలు పెడితే నీళ్లతో పాటు మోటార్ కరెంటూ మిగులుతుంది. ప్రవక్త (స) ఒక ముద్, అంటే లీటరు కంటే తక్కువ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ఇఫ్తార్‌లో థర్మాకోల్ ప్లేట్లకు బదులు కమిటీ స్టీలు పళ్లాలు కొని ఉంచితే, అవే షాదీలకూ దావత్‌లకూ పనికొస్తాయి. మిగిలిన అన్నం చెత్తకుప్పలో కుళ్లితే మీథేన్ పుడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. తడి చెత్తను వేరు చేసి ఎరువు చేసుకుంటే మొక్కలకు పనికొస్తుంది.

జకార్తాలోని ఇస్తిఖ్లాల్ మస్జిద్ సోలార్ పలకలు, నీటి పొదుపుతో 2022లో ప్రపంచ బ్యాంకు సంస్థ ఐఎఫ్‌సీ నుంచి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ అందుకుంది.

సోలార్ మాటేమిటి?

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటికి 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 2025 నాటికి ఊరంతా సోలార్ అయింది. అయితే అక్కడ సబ్సిడీకి తోడు కంపెనీ సాయం కూడా అందింది. ఆదిలాబాద్ జిల్లా ముఖ్రా కె గ్రామస్తులు మాత్రం చెత్తతో ఎరువు చేసి అమ్మి, ఆ డబ్బు ఊరి పనులకే వాడుకున్నారు. సొంత డాబా లేని కిరాయి ఇళ్ల వాళ్లకు ఈ రెండో దారే దగ్గర.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ నెల కరెంటు బిల్లులు పది ఇళ్ల నుంచి తెచ్చి, యూనిట్లు ఒక నోట్‌బుక్‌లో రాయండి. మూడు నెలల తర్వాత మళ్లీ రాసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎండలు పెరిగితే యూనిట్లూ పెరుగుతాయి కాబట్టి, వీలైతే నిరుటి అదే నెల బిల్లుతో పోల్చడం మంచిది. లెక్క తేడా కళ్లకు కనిపిస్తే, పదకొండో ఇంటికి ఎవరూ చెప్పాల్సిన పని ఉండదు.